హేవర్డ్ వారి ప్రవర

కొత్తవాళ్లు ఎవరు ఎదురైనా నేను మొదట అడిగేది ఇంటిపేరు. ఉద్యోగం, ఊరు, పిల్లలు, అవన్నీ తర్వాత. శాన్ రామన్‌లో సాయంత్రం నడకకి వెళ్తే ఎదురొచ్చే తెలుగువాళ్లు నన్ను చూసి అవతలి ఫుట్‌పాత్ మీదికి మారిపోతారని మా ఆవిడ అంటుంది. అది అతిశయోక్తి. అలా మారినాయన ఒక్కడే, ఆయనైనా తన కుక్క అటు లాగబట్టి మారాడు.

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊళ్లో మాకు సెంటు భూమి లేదు, నిలువ నీడ లేదు, నేనా ఊరి మొహం చూడనైనా లేదు. ఎన్నో తరాల కింద మావాళ్లెవరో అక్కణ్ణుంచి బయల్దేరి వచ్చారట, అంతే. అయినా ఆ పేరంటే నాకు గొప్ప. కౌంటీ రోడ్ల విభాగంలో ఇంజనీరుగా పనిచేసినన్నాళ్లూ నేను గీసిన ప్రతి డ్రాయింగు మూలా ఆ పేరుంది. రిటైరయ్యాక మా వంశవృక్షం గీసి హాల్లో తగిలించాను. వచ్చినవాళ్లందరికీ నేనది చూపిస్తుంటే, "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు" అని మా ఆవిడ వంటింట్లోంచి సామెత విసిరేది.

మాకు ఒక్కతే కూతురు. ఓక్లండ్‌లో ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. ఒక ఆదివారం పొద్దున పెసరట్టు తింటూ తింటూ ప్లేటు పక్కకు జరిపింది.

"నాన్నా, అమ్మా, నేను ఒకర్ని పెళ్లి చేస్కోవాలి అనుకుంటున్నా. హైస్కూల్‌లో మ్యాథ్ టీచ్ చేస్తాడు. బ్లాక్. పేరెంట్స్ లేరు, వాళ్ల గ్రాండ్‌మా పెంచింది. వెరీ గుడ్ పర్సన్."

అంత చెప్పి మా ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంది. మా ఆవిడ నా వైపు చూసింది. నా నోట వచ్చిన మొదటి మాట నాకే నవ్వు తెప్పిస్తుంది ఇప్పటికీ.

"ఇంటిపేరు?"

"సీరియస్‌లీ, నాన్నా?" అని ప్లేటు మళ్లీ ముందుకు లాక్కుని, "హేవర్డ్" అంది.

"ఓస్, మన పక్క ఊరివాళ్లేనా!" అన్నాను.

హేవర్డ్ అనే ఊరు మాకు కార్‌లో అరగంట. ఆ పేరున్న హైవే బోర్డుల కింద నుంచి ఎన్నేళ్లు డ్రైవ్ చేశానో లెక్కలేదు. ఇంటిపేరంటే ఊరి పేరే అని బుర్రలో నాటుకుపోయినవాణ్ణి, ఆ కుర్రాడి ముత్తాతలు అక్కడ పొలాలు దున్ని ఉంటారని ఒక్క క్షణంలో ఊహించేసుకున్నాను. మా అమ్మాయికి నవ్వీ నవ్వీ పొలమారింది. తర్వాత తెలుసుకుంటే సంగతి తలకిందులు. ఆ పేరు గల ఒకాయన పూర్వం అక్కడ హోటలు నడిపాడట, ఆయన పేరే ఊరికి వచ్చిందట. మన దగ్గర ఊరు మనిషికి పేరిస్తుంది, ఇక్కడ మనిషి ఊరికిచ్చాడు.

అతని రంగు గురించి నాకేమీ అనిపించలేదంటే అబద్ధం. రెండు రోజులు ఎవరెవరు ఏమంటారో అనుకుంటూ గడిపాను, ఆ అనేవాళ్లలో నా గొంతు కూడా ఉంది. తర్వాత కుర్రాడు వచ్చాడు. భోజనం చేసి తన కంచం తనే కడిగాడు. మా పెరటి రిటైనింగ్ వాల్ ఒరిగిందని నేను చెబితే, ఎంత ఒరిగిందో దారానికి ప్లంబ్ బాబ్ గుండు కట్టి వేలాడదీసి కొలిచి చూపించాడు. గోడలు కొలిచే అల్లుణ్ణి నేను వదులుకోలేను. నా సందేహాలు అక్కడితో ఆగాయి.

ఇంకో సంతోషం కూడా ఉంది. అమ్మాయి పెళ్లయ్యాక పేరు మార్చుకోనంది. "మన లాస్ట్ నేమ్ నాతోనే ఉంటుంది నాన్నా, డోంట్ వరీ" అంది. మా తర్వాతి తరంలో మగపిల్లలు లేరు. మా ఇంటిపేరు ఈ దేశంలో నాతోనే ఆఖరనుకుంటూ ఉన్నవాణ్ణి. ఆ మాట విని ఆ పూట రెండు గరిటెలు ఎక్కువే తిన్నాను.

పెళ్లి మన పద్ధతిలోనే అనుకున్నాం. పురోహితుడు గోత్రం, ప్రవర అడిగాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మండపం మీద పెళ్లికొడుకు ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని అందరూ వినేలా మూడుసార్లు చదువుతారు. పెళ్లికూతురికీ అంతే. వచ్చింది ఎవరో, ఎవరి బిడ్డో సభకు చెప్పడమన్నమాట.

"గోత్రానికేముంది సార్, తెలియకపోతే కాశ్యపం వేసేద్దాం. మూడు తరాల పేర్లు మాత్రం పంపండి" అన్నాడు పురోహితుడు.

కుర్రాణ్ణి అడిగితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు రాసిచ్చాడు. ముత్తాతది సౌత్ కరొలైనాలో ఒక కౌంటీ అని కూడా చెప్పాడు. పురోహితుడికి కావలసింది అంతే. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? మూడు తరాలు దొరికాయి కదా, ఇంకో మూడు పైకి వెళ్లి, వాళ్ల వంశవృక్షం కూడా గీసి, పెళ్లికి ముందు అతన్ని పెంచిన నాయనమ్మకు, ఆ పెద్దావిడకు, కానుకగా ఇద్దామనుకున్నాను. కుర్రాడికీ మా అమ్మాయికీ చెప్పలేదు. సర్‌ప్రైజ్!

పొద్దున్నే లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. ముందు ఆ పేరు పుట్టుక చూశాను. పాత ఇంగ్లీషులో కంచె కాసేవాడని అర్థమట. ఇంగ్లాండ్ పల్లెల్లో అదొక ఉద్యోగం. కంచెలు బాగున్నాయో లేదో చూసుకోవడం, పశువులు పైరు మీద పడకుండా కాయడం, తప్పిపోయి వచ్చిన పశువుని పట్టి కట్టేసి సొంతదారు వచ్చేదాకా ఉంచడం. మెడలో కొమ్ము బూర ఒకటి ఉండేదట, ఊదడానికి. ఆ ఉద్యోగం పోయి ఎన్నో వందల ఏళ్లయినా పేరు మాత్రం మిగిలింది.

చదువుతూ కుర్చీలో ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఇది మన బందెలదొడ్డి! మా చిన్నప్పుడు ఊరి చివర ఒక ప్రహరీ, దానికో చెక్క గేటు ఉండేవి. పరాయి చేలో పడ్డ గేదెనో ఆవునో తోలుకొచ్చి అందులో పెట్టేవాళ్లు. బడి నుంచి వస్తూ మేం ఆ గేటు సందుల్లోంచి చూసేవాళ్లం. లోపలి పశువులు గడ్డి వేసినా తినకుండా గేటు వైపే చూస్తూ నిలబడేవి. అదంతా నాకు ఎంతో ముద్దుగా, ఎంతో దగ్గరగా అనిపించింది. వేల మైళ్ల అవతలి ఇంటిపేరులో మా ఊరి దొడ్డి కనబడితే ఎవరికి సంబరంగా ఉండదు?

ఆ పేరు ఇంగ్లాండ్‌కి దక్షిణాన ఎక్కువట. అక్కణ్ణుంచి ఓడలెక్కి ఇక్కడి తూర్పు తీరానికి వచ్చింది. ఇప్పుడు ఆ పేరు గలవాళ్లలో తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లవాళ్లూ ఉన్నారు, దక్షిణాది రాష్ట్రాల్లో మరీను. ఆ ముక్క చదివి బుర్ర ఊపి పేజీ తిప్పాను. అక్కడ ఆగి ఆలోచించవలసింది.

కంప్యూటర్‌లో పాత జనాభా లెక్కల పేజీలు దొరికాయి. కుర్రాడి ముత్తాత తండ్రి, అప్పటికి పదిహేనేళ్లవాడు, బానిసత్వం పోయాక తీసిన మొదటి లెక్కల్లో ఆ కౌంటీలోనే కనిపించాడు. ఆ ముందు పేజీలోనే ఇంకో హేవర్డ్ కుటుంబం ఉంది, తెల్లవాళ్లు, పెద్ద భూస్వాములు. వాళ్ల వంశం ఎవరో శ్రద్ధగా రాసిపెట్టారు. తొమ్మిది తరాలు, ఇంగ్లాండ్‌లోని పల్లె దాకా! ఇటు మనవాడి తీగ అక్కడే తెగిపోయింది. అటు వాళ్ల తీగ చెట్టంత ఉంది. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, పక్కపక్క పొలాలు. మన దేశంలో దీన్నేమంటారు? దాయాదులంటారు. ఒకరింట్లో పురుడైతే ఇంకొకరికి మైల.

ఈ దేశ చరిత్ర నాకు తెలియక కాదు. నలభై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, ఓటేస్తున్నాను. అయినా ఆ పూట నాలో ఆలోచించింది ఈ దేశంలో ఉన్న నలభై ఏళ్లు కాదు, అంతకు ముందున్న తెలుగు బుర్ర. ఎప్పుడో ఏదో తెలుపూ నలుపూ కలిసిన ఒక పెళ్లి జరిగి ఉంటుందిలే అనుకున్నాను. రెండు కుటుంబాల మధ్యా ఒక చుక్కల గీత గీశాను. మా వృత్తిలో చుక్కల గీతంటే ఇంకా రుజువు కావలసినదని. మంచి కాగితం మీద ప్రింట్ చేయించాను. కింద మూల కంచె పక్కన కొమ్ము బూర పట్టుకున్న మనిషి బొమ్మ కూడా వేయించి ఫ్రేమ్ కట్టించాను.

కుర్రాణ్ణి, అమ్మాయిని, పెద్దావిడను భోజనానికి పిలిచాం. ఎనభై దాటినా నిటారుగా ఉంది. ఉద్యోగమంతా ఓక్లండ్‌లో సిటీ బస్సు నడిపిందట. నేను రోడ్ల ఇంజనీరునని తెలియగానే ఒక మలుపు గురించి మొదలుపెట్టింది. అక్కడ బస్సు తిప్పాలంటే ప్రాణం పోయేదట. దాన్ని డిజైన్ చేసిన తెలివితక్కువవాణ్ణి ఒక్కసారి చూడాలని ఉండేదట.

"చూస్తున్నారుగా" అన్నాను.

ఆవిడ చెంచా కింద పెట్టి నవ్వింది. మా ఆవిడ గుత్తివంకాయ మళ్లీ వడ్డించింది. పెద్దావిడ పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకుంది. నా జీవితంలో ఇంత సులువుగా కుదిరిన వియ్యం లేదనుకున్నాను. అప్పుడు లేచి లోపలికి వెళ్లి ఫ్రేమ్ తెచ్చాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. వేలు మనవడి పేరు దగ్గర పెట్టి పైకి జరిపింది. కొడుకు పేరు దగ్గర, భర్త పేరు దగ్గర వేలు కొంచెం ఆగింది. మామగారు, ఆయన తండ్రి. తర్వాత చుక్కల గీత మీదుగా పక్కకు వెళ్లింది.

"వీళ్లెవరు?" అంది.

"మీ వాళ్లే. మీ పెద్దలు. ఇంగ్లాండ్ దాకా దొరికారు" అన్నాను, మొహమంతా వెలిగిపోతూ.

"ఈ బొమ్మలో మనిషి?"

ఇక నా నోటికి అడ్డేముంది? కంచె గురించి చెప్పాను. బందెలదొడ్డి గురించి చెప్పాను. తప్పిపోయిన పశువుల్ని పట్టుకుని, కట్టేసి, సొంతదారు వచ్చేదాకా కాపలా కాయడం ఆయన పని అని, చేతులూపుతూ ఇంగ్లీషులో వర్ణించి వర్ణించి చెప్పాను. చెబుతుండగానే మా అమ్మాయి మొహం చూశాను. అందులో నెత్తురు చుక్క లేదు. అయినా వాక్యం పూర్తిచేసేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి మడిచింది.

"వీళ్లు మా పెద్దలు కాదు. వీళ్లు మమ్మల్ని కొన్నవాళ్లు" అంది, కోపం లేని గొంతుతో.

తర్వాత మా ఆవిడ వైపు తిరిగి భోజనం చాలా బాగుందని చెప్పింది. సంచీ తీసుకుని లేచింది. కుర్రాడు ఆవిడ వెనకే వెళ్లి కార్ డోర్ తీశాడు. ఫ్రేమ్ సోఫా మీద వెల్లకిలా పడి ఉంది.

మర్నాడు మా అమ్మాయి ఫోన్ చేసింది.

"షీ ఈజ్ నాట్ కమింగ్, నాన్నా. 'నువ్వు పెళ్లి చేస్కో, నన్ను పిలవద్దు' అందంట. హీ సేస్, ఆవిడ లేకుండా నేను స్టేజ్ ఎక్కలేను అని. ఎలా ఎక్కుతాడు? ఆవిడే కదా వాడికి అందరూ. నేను ఏం చెప్పాలి వాడికి? మా నాన్న రీసెర్చ్ చేశారు అని చెప్పాలా?"

"నేను కావాలని చేశానా?" అన్నాను.

"లేదు. కానీ మీరు చేశారు. మీరే ఫిక్స్ చెయ్యండి" అని పెట్టేసింది.

పెళ్లికి మూడు వారాలుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. నేను మాత్రం మొదటి రోజంతా నన్ను నేను సమర్థించుకుంటూనే ఉన్నాను. ఎంత కష్టపడ్డాను, ఎంత ప్రేమతో చేశాను, పేరు పుట్టుకకి నేనా బాధ్యుణ్ణి, ఇలా. మా ఆవిడ మధ్యాహ్నం దాకా విని, ఫ్రేమ్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏమండీ, ఈ చుక్కల గీతకి ఆధారం ఏంటి? ఇలాంటి డ్రాయింగు మీ దగ్గర పనిచేసే జూనియర్ తెస్తే మీరు సంతకం పెట్టేవారా?"

పెట్టేవాణ్ణి కాదు. విసిరికొట్టేవాణ్ణి.

మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. మొదటిసారి నేను చూసీ వదిలేసిన పేజీ ఒకటి గుర్తొచ్చింది. బానిసత్వం పోగొట్టిన అంతర్యుద్ధానికి ముందటిది. పైన ఆ భూస్వామి పేరుంది. కింద వరసగా అంకెలు, గుర్తులు. ఇంత వయసు, ఆడ, నలుపు. ఇంత వయసు, మగ, నలుపు. ఒక్కదానికీ పేరు లేదు. నేను పేర్ల కోసం వచ్చినవాణ్ణి, పేర్లు లేవని ఆ పేజీ తిప్పేశాను. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివాను. అయిదేళ్లు, మగ. ఆ పిల్లవాడు కుర్రాడి ముత్తాత తండ్రే అయుండొచ్చు, కాకపోనూవచ్చు. నిజమైన వంశం ఉన్న పేజీ అదీ. దాన్ని వదిలేసి, వాళ్లను పశువుల పక్కన రాసుకున్నవాడి చెట్టుకి ఆ పిల్లవాణ్ణి అంటుకట్టాను. తప్పించుకుపోతే పట్టి తెచ్చి కట్టేసే దేశంలో బతికినవాళ్ల ఇంటి కోడలికి, కట్టేసే ఉద్యోగం గురించి చేతులూపుతూ చెప్పాను. లైబ్రరీలో నలుగురూ ఉన్నారు, అయినా నాకు కన్నీళ్లు ఆగలేదు. సిగ్గుతో వచ్చిన కన్నీళ్లవి.

ఓక్లండ్ వెళ్తానంటే మా ఆవిడ, "స్వీట్లూ గీట్లూ వద్దు. చేతులూపుకుంటూ వెళ్లండి. వెళ్లి ఎక్కువ మాట్లాడకండి" అని హెచ్చరించి పంపింది.

పెద్దావిడ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని పెద్ద పెద్ద ఆకుకూర కట్టలు ఒలుస్తోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను కింది మెట్టు మీద నిలబడి, తప్పు చేశానన్నాను. మా దగ్గర ఒకే ఇంటిపేరున్నవాళ్లు ఒకే రక్తమని, ఆ లెక్క ఇక్కడ వేశానని, ఆ పేర్లు లేని పేజీ చూసి కూడా తిప్పేశానని చెప్పాను.

ఆవిడ ఒక కట్ట నా వైపు తోసింది. కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. గోంగూర ఒలిచిన చేతులు కాబట్టి ఆ పని బాగానే వచ్చింది. కాసేపయ్యాక ఆవిడే అడిగింది.

"అసలు ఆ పేర్లన్నీ మీకెందుకు?"

ప్రవర గురించి చెప్పాను. ఈ కుర్రాడు ఎవరి బిడ్డో నిండు సభలో చదువుతారని చెప్పాను.

"పైకి చదువుతారా? అందరికీ వినబడేలా?"

"అవునండీ. మూడుసార్లు."

ఆవిడ చేతులు ఆగాయి. చేతిలో ఆకు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది.

"ఈ పేరు నాది కాదు, పెళ్లితో వచ్చింది. ఆ పేరు ఎవరిదో తెలిసిన రోజు నేను గొడవపడ్డాను. వాళ్ల పేరు మనకెందుకు, పారేద్దామన్నాను. అప్పుడు మా అత్తగారు నన్ను కూర్చోబెట్టింది. మీరు కాగితం మీద రాశారే, మా మామగారి తండ్రి, ఆయన్ని మా అత్తగారు చూసింది. ఆయనకి ఒక అక్క ఉండేది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ అమ్మాయిని అమ్మేశారు. ఎటు తీసుకెళ్లారో చెప్పేవాళ్లు లేరు. స్వేచ్ఛ వచ్చాక చుట్టుపక్కల అందరూ కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఈయన పెట్టుకోలేదు. దొర పేరు నీకెందుకురా అని ఎగతాళి చేశారట. 'నేను పేరు మార్చుకుంటే అక్క నన్ను ఎలా వెతుక్కుంటుంది? దానికి తెలిసిన పేరు ఇదొక్కటే' అన్నాడట."

నేను ఒలిచిన ఆకు ఆవిడ పక్కనున్న గిన్నెలో వేశాను.

"పెద్దయ్యాక అక్క కోసం పేపర్లలో ప్రకటన వేయించాడు. అప్పట్లో అలాంటివి చర్చిలో పైకి చదివేవాళ్లు. ఎవరైనా వింటారని. ఆయన పోయేదాకా అక్క ఆచూకీ దొరకలేదు. ఆ పేరు మాత్రం మారలేదు. ఈ ఇంటికి వచ్చిన కోడలికల్లా పాత కోడలు ఈ సంగతి చెబుతుంది. నా కోడలికి నేను చెప్పాను, అది నాకంటే ముందే పోయింది. ఇప్పుడు మీ అమ్మాయికి చెప్పాలనుకున్నాను. ఇంతలో మీరు ఆ బొమ్మ తెచ్చారు."

"మీరే వచ్చి చెప్పండి. ఆ అక్క పేరు కూడా మండపం మీద చదివిద్దాం" అన్నాను.

అంటే అన్నాను గానీ అది నా చేతిలో ఉన్న పనా? ఆవిడ నన్ను తేరిపార చూసింది. బస్సులో చిల్లర లేకుండా ఎక్కినవాణ్ణి చూసినట్టు చూసింది. వస్తానని మాత్రం అనలేదు.

పురోహితుడికి ఫోన్ చేశాను. "ప్రవరలో ముగ్గురే సార్, అందులోనూ మగవాళ్లే. శాస్త్రం ఒప్పుకోదు" అన్నాడు. నేను గొంతు పెంచాను. ఏ శాస్త్రమో, ఏ పేజీయో చూపించమన్నాను. ఆయన పాపం సౌమ్యుడు. "మీతో వాదించలేను సార్. ప్రవర మూడోసారి అయ్యాక నేను మంచినీళ్లు తాగుతాను. ఆ రెండు నిమిషాలూ మైక్ ఖాళీయే" అన్నాడు. ఆ మాట పెద్దావిడకు చెప్పి రమ్మని కుర్రాణ్ణి పంపాను. అమ్మాయికి మాత్రం నేనేమీ చెప్పలేదు, చెప్పవలసింది ఆవిడ. అమ్మాయే ఒక సాయంత్రం డ్యూటీ నుంచి నేరుగా ఓక్లండ్ ఇంటికి వెళ్లి, చాలాసేపు కూర్చుని వచ్చిందని తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో అడిగితే చెప్పలేదు.

పెళ్లి పొద్దున పెద్దావిడ వచ్చింది. నీలం రంగు టోపీ పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. ఆ టోపీ చూశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. పురోహితుడు ప్రవర చదివాడు. ఆ సౌత్ కరొలైనా పేర్లు సంస్కృతం విభక్తులు తగిలించుకుని మైకులోంచి వినిపిస్తుంటే, మనవాళ్లు కబుర్లు ఆపి విన్నారు. మూడుసార్లు అయింది. ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

పెద్దావిడ లేచి నిలబడింది. నేను మైక్ తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ చేతిలో కాగితం లేదు. తొమ్మిదేళ్ల పిల్ల పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది, కౌంటీ పేరు చెప్పింది. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఉంటుందని చెప్పింది. "తమ్ముడు వెతుకుతున్నాడు. మా పేరు మారలేదు. ఇక్కడే ఉన్నాం" అంది. అది కూడా మూడుసార్లు చెప్పింది. ఎవరూ బదులు పలకలేదు, పలకరని ఆవిడకూ తెలుసు. మా ఆవిడ పక్కన ఉన్న ఎవరో ముసలాయన "ఎవరి పిల్ల అమ్మా?" అని గుసగుసగా అడిగాడు. మా ఆవిడ "మన పిల్లేనండీ" అంది.

పెళ్లయిన రెండు నెలలకి అమ్మాయి తన టిఫిన్ డబ్బా మా ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్లాను. లాబీలో నిలబడ్డాను. లిఫ్ట్‌లోంచి వస్తూ కనిపించింది, తెల్ల కోటులో. ఛాతీ మీద నీలం దారంతో కుట్టిన పేరు కొత్తది. డాక్టర్ హేవర్డ్ అని ఉంది.

మా ఇంటిపేరు అక్కడ లేదు. నాకు గుండెలో కలుక్కుమంది. దాచుకోవలసిన పని లేదు, కలుక్కుమంది. పెళ్లి లైసెన్సు కాగితం మీదే మార్చుకుందట, పెళ్లికి వారం ముందు. ఎలా చెప్పాలో తెలియక ఊరుకుందట.

"సారీ నాన్నా" అంది. నేను కుట్టు వైపే చూస్తున్నానని గమనించి కోటు సవరించుకుంది. "మామూలుగా బ్యాడ్జ్ చాలు. కానీ అది తిరిగిపోతుంది, పేరు కనపడదు. ఇక్కడికి రోజూ ఎంతోమంది వస్తారు నాన్నా, ఎక్కడెక్కడి నుంచో. ఎవరి గ్రాండ్‌మా ఏ పేరు చెప్పి వెళ్లిందో మనకి తెలీదు కదా. చదవగలిగేలా ఉండాలి."

చత్వారం కళ్లజోడు జేబులోంచి తీసి పెట్టుకున్నాను. ఆ లాబీలో, అందరికీ వినబడేలా, ఆ పేరు పైకి మూడుసార్లు చదివాను.